నాలుగో మెషిన్ శబ్దం

పదకొండింటికి పిలుస్తామన్నారు. గోడ గడియారంలో పది దాటి రెండు నిమిషాలే అయింది, అది సరిగ్గా నడుస్తున్నట్టయితే, నడవకపోయినా చేసేదేముంది, ఈ వరండాలో బెంచీల మీద కూర్చున్నవాళ్లందరికీ ఇప్పుడు అదే కాలం. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా మూసి ఉన్న తలుపు. తలుపు వెనక విచారణాధికారి, పక్కన టైపు చేసే మనిషి ఎవరో ఉన్నట్టున్నారు, మీటలు కాసేపు టకటకలాడి ఆగుతున్నాయి, ఆగి మళ్లీ టకటకలాడుతున్నాయి. ఎవరో చెబుతున్నది ఎవరో రాసుకుంటున్నారు. తలుపు పక్కన అంటించిన కాగితం మీద నిశ్శబ్దంగా ఉండమని ఇంగ్లీషులో ఉంది, క్వయెట్ అని రాయాల్సిన చోట క్వైట్ అని రాశారు, ఆమె కళ్లు వద్దన్నా అక్కడికే పోతున్నాయి. మొదటిదానికి నిశ్శబ్దమని అర్థం, రెండోదానికి బొత్తిగా అనో చాలావరకు అనో అర్థం, తికమకపెట్టే మాటల జాబితాలో ఏడో జత. ఆడపడుచు పోయి పద్దెనిమిది రోజులు కాలేదు, తను గోడమీద తప్పులు దిద్దుకుంటూ కూర్చుంది. మనసుకి సిగ్గుండదు, దాన్ని ఎక్కడ కట్టేసినా తాడు తెంపుకుని అలవాటైన గడ్డి దగ్గరికే పోతుంది.

పక్కన భర్త ఉన్నాడు. ఆయన బస్సుల వర్క్‌షాపులో సీట్లు కుడతాడు. దబ్బనం పట్టి పట్టి కాయలు కాసిన వేళ్లతో ఇప్పుడు తన ప్యాంటు మోకాలి దగ్గర ఊడిన దారాన్ని కాస్త లాగుతాడు, తెగకుండా మళ్లీ లోపలికి నెడతాడు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఒక్క మాట అన్నాడు, “అన్నీ రాసిపెట్టావు కదా, నీకేం భయం,” అని. చెల్లెల్ని పోగొట్టుకున్నవాడు తనకి ధైర్యం చెబుతున్నాడు. రాసిపెట్టింది, నిజమే. గుండ్రటి అక్షరాలతో, చివర చుక్క కూడా మర్చిపోకుండా రాసిపెట్టింది. మెషిన్ నంబర్ ఫోర్ ఈజ్ ఇన్ గుడ్ కండిషన్. ఎవ్రీథింగ్ ఈజ్ ఇన్ ఆర్డర్. సోమవారం అదే, మంగళవారం అదే, బుధవారం అదే. గురువారం పొద్దున పదిన్నరకి ఆ గుడ్ కండిషన్‌లో ఉన్న మెషిన్ మూత లేచిపోయి పిచ్చుక తలకి తగిలింది.

పిచ్చుక అని పేరు పెట్టింది ఈమే. పెళ్లయి ఈ ఇంటికి వచ్చేనాటికి ఆ పిల్లకి తొమ్మిదేళ్లు, పొద్దున కళ్లు తెరిచిన దగ్గర్నుంచి కిచకిచలే, నోట్లో నువ్వుగింజ నానేది కాదు, వంటింట్లో అన్నమాట వీధిగుమ్మం దాకా పోవడానికి దానికి రెండు నిమిషాలు చాలు. పెరిగి పెద్దదైనా, మొగుడితో పడక రెండు పెట్టెలతో తిరిగి వచ్చినా ఆ కిచకిచ తగ్గలేదు. ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుంది వదినా అంటే, తను పనిచేసే లాండ్రీలోనే చేర్పించింది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ. ఒక హాలులో ఉతికే మెషిన్లు నాలుగు, నీళ్లు పిండే మెషిన్లు నాలుగు, పక్క హాలులో ఇస్త్రీ, మడతలు. పిండే మెషిన్ అంటే పెద్ద ఇనపగంగాళం, తడిదుప్పట్లు అందులో వేసి మూత బిగిస్తే గిర్రున తిరిగి నీళ్లన్నీ బయటికి కక్కేస్తుంది. దాని దగ్గర నిలబడేది పిచ్చుక. చేర్పించింది ఎవరు, నేను. నాలుగో మెషిన్ దగ్గర నిలబెట్టింది ఎవరు, నేను, షిఫ్టు ఇన్‌చార్జిని నేనే కదా. మూడో దాని దగ్గర సబ్బువాసన ఎక్కువ, నీకు దగ్గొస్తుంది, నువ్వు నాలుగో దాని దగ్గరుండు అని మరీ చెప్పింది. ప్రేమ కొద్దీ చెప్పింది.

ఫ్యాను తిరుగుతోంది. మూడు రెక్కల్లో ఒకటి కాస్త వంగినట్టుంది, ప్రతి చుట్టుకీ ఒకసారి టిక్కుమంటుంది, పెద్ద ప్రమాదమేం లేదు, బోల్టు బిగిస్తే పోతుంది. ఇది ఆమెకి చెప్పేవాళ్లెవరూ అక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా మెషిన్ల మధ్య బతికిన చెవులు, నిద్రలో కూడా ఏ శబ్దం ఆరోగ్యంగా ఉందో ఏది నలతగా ఉందో చెప్పేస్తాయి. సోమవారం మధ్యాహ్నం నాలుగోది మొదటిసారి తేడాగా వినపడింది. గరగర. ఊరికే గరగర కూడా కాదు, అడుగున ఎక్కడో, ఇరుసు దగ్గర, పంటికింద రాయి పడినట్టు ఒక్క గర, మళ్లీ మామూలే, మళ్లీ ఒక గర. నిలబడి మూడు విడతలు విన్నది. షిఫ్టు అయిపోయాక మెషిన్ల సంగతి రాసే షిఫ్టు పుస్తకం తెరిచి కలం పట్టుకుంది. నాలుగో మెషిన్ గరగరమంటోంది, ఇంతే కదా, దీనికి ఇంగ్లీషులో ఏమంటారు? సౌండ్ అని రాస్తే, సౌండ్ రాకుండా ఏ మెషిన్ తిరుగుతుంది. నాయిస్ అంటే గోల, గోల చేయడం లేదు అది. బ్యాడ్ సౌండ్? రాసి చూద్దామనుకుంది. బోర్డు గుర్తొచ్చింది. కలం ఆగిపోయింది. పైన ఆదివారం తనే రాసిన వాక్యం ఉంది, తప్పు లేని వాక్యం, మాస్టారు దిద్ది ఇచ్చిన వాక్యం. దాన్నే మళ్లీ కింద దింపేసింది, రేపు కనుక్కుని రాద్దాం అనుకుంది.

ఆ బోర్డు సంగతి ఎవరికి చెబితే అర్థమవుతుంది. పై ఆఫీసునుంచి మనుషులు వస్తూ పోతూ ఉంటారని, వాళ్లతో నాలుగు ముక్కలు మాట్లాడేవాళ్లు కావాలని, కంపెనీ మంగళవారాలు సాయంత్రం నాలుగింటికి క్యాంటీన్‌లో ఇంగ్లీషు క్లాసు పెట్టించింది. రిటైరైన మాస్టారొకరు వచ్చేవాడు. పాపం మంచివాడే. చొక్కా జేబులో మూడు రంగుల కలాలు. జాతీయాలంటే ఆయనకి ప్రాణం. రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ అంటే కుండపోత వాన అని ఆయన చెబితే, వెనకబల్ల మీంచి పిచ్చుక లేచి, “మనకి కుండలు పోస్తుంటే వాళ్లకి కుక్కలు పడతాయా మాస్టారూ, దెబ్బలు తగలవూ?” అంది, క్లాసంతా పడి పడి నవ్వింది, మాస్టారూ నవ్వాడు. పిచ్చుక రెండువారాలు వచ్చి మానేసింది, నాకు కుక్కలూ వద్దు పిల్లులూ వద్దు అని. ఈమె మానలేదు. పదో తరగతితో ఆగిపోయిన చదువు, కూతురి పుస్తకాలకి అట్టలు వేస్తూ దొంగచాటుగా చదువుకున్న చదువు, ఇన్నేళ్లకి పిలిచి పీట వేస్తే ఎలా మానుతుంది. రెండువందల పేజీల నోటుపుస్తకం కొనుక్కుంది. ఎడమపక్క జాతీయం, కుడిపక్క అర్థం. వెనకనుంచి తికమకపెట్టే జతలు, అడ్వైస్ అడ్వైజ్, లూజ్ లూస్, ఎఫెక్ట్ అఫెక్ట్, బట్టలు మడతపెట్టినట్టు జతలు జతలుగా పేర్చుకుంది. ఏడాది తిరక్కుండా ఇన్‌చార్జిని చేశారు. షిఫ్టు పుస్తకం ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టింది. మాస్టారు ఆ పుస్తకం తిరగేసి, తప్పుపోయిన వాక్యాలు ఏరి, పేర్లు లేకుండానే సుమా, బోర్డు మీద ఎర్రకలంతో రాసి, కింద పచ్చకలంతో దిద్ది పెట్టేవాడు, అందరూ నేర్చుకుంటారని. పేరెందుకు, ఆ పుస్తకం రాసేది ఎవరో లాండ్రీలో ఈగకి కూడా తెలుసు. ఒకసారి అలా ఎర్రటి వాక్యం బోర్డెక్కినప్పుడు ఇస్త్రీ దగ్గరివాళ్లు నలుగురు గుంపుగా నిలబడి నవ్వారు, ఆ నవ్వులో పిచ్చుక గొంతు అందరికంటే గట్టిగా వినపడింది, “మా దొరసాని వదిన దొరికిపోయిందే!” అని. వేళాకోళమే. ఇంటికొచ్చి భుజాల చుట్టూ చేతులేసి బతిమాలింది కూడా. అయినా ఆ రోజునుంచి ఈమె తప్పు రాయడం మానేసింది. ఎలా మానేసిందంటే, కచ్చితంగా తెలిసిన వాక్యాలు తొమ్మిదో పదో ఉంటే వాటినే తిప్పి తిప్పి రాసింది. ఆరు నెలల్లో ఒక్క వాక్యం కూడా బోర్డెక్కలేదు, అందరూ మెచ్చుకున్నారు.

ఎవరో బకెట్టూ కర్రా పట్టుకుని వచ్చి వరండా తుడవడం మొదలుపెట్టారు, కాళ్లు పైకెత్తమంటే ఇద్దరూ ఒకేసారి పిల్లల్లా కాళ్లెత్తారు. తడిగచ్చు వాసన. మంగళవారం కూడా ఇలాగే హాలంతా తడి, నాలుగోది ఆగేముందు ఎక్కిళ్లు పెట్టింది. తిరుగుడు తగ్గి తగ్గి ఇక ఆగుతుందనగా టక్, మళ్లీ టక్, అచ్చం ఏడ్చి ఏడ్చి అలిసిన పసిపిల్లలా. అయ్యో దీనికి ఏదో అవుతోందని అప్పుడే అనుకుంది. మెకానిక్‌కి నోటితో చెబుదామంటే అతను కనపడడు. మూడు లాండ్రీలు చూసుకోవాలి అతను, తెల్లవారుజామున ఐదింటికి వచ్చి, పుస్తకం చూసి, అందులో రాసినవి బాగుచేసి, వీళ్లు ఏడింటికి వచ్చేసరికి వెళ్లిపోతాడు. పుస్తకంలో లేని జబ్బు మెషిన్‌కి లేనట్టే. అదీ అక్కడి పద్ధతి. సాయంత్రం క్లాసులో చెయ్యెత్తి అడిగింది, మాస్టారూ, మెషిన్ లోపల్నుంచి ఒకలాంటి చప్పుడు వస్తే, గరగరమని, ఆగేముందు ఎక్కిలిలాగా, దాన్నేమంటారండీ? ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, “ఎక్కిళ్లొస్తే మంచినీళ్లు తాగించమ్మా,” అన్నాడు, అందరూ నవ్వారు, ఈమె కూడా నవ్వింది. ఏం చేస్తుంది మరి. తర్వాత చెబుతాను గుర్తుచెయ్యి అన్నాడాయన, అని ఆ రోజు పాఠం మొదలుపెట్టాడు, చెవికి సంబంధించిన జాతీయాలు. టు బి ఆల్ ఇయర్స్ అంటే చెవులు రిక్కించి వినడం. టు టర్న్ ఎ డెఫ్ ఇయర్ అంటే పెడచెవిన పెట్టడం. పది జాతీయాలకి పరీక్ష పెడితే పదికి పది వచ్చాయి ఆమెకి. పక్కన పచ్చకలంతో వెరీ గుడ్ అని రాసిచ్చాడు. ఆ సంబరంలో గుర్తుచెయ్యడం మర్చిపోయింది. మర్చిపోయిందా? లేదు. వెరీ గుడ్ వచ్చాక మళ్లీ అందరిలో చెయ్యెత్తి నాకు తెలీదు అని అడగబుద్ధి కాలేదు. ఈ మాట ఇప్పటిదాకా తనకి తాను కూడా ఒప్పుకోలేదు.

ఆ రాత్రి కూతుర్ని అడుగుదామనుకుంది. కూతురు పరీక్షల హడావిడిలో ఉంది, చెవుల మీద చేతులు పెట్టుకుని గోడవైపు తిరిగి బట్టీ కొడుతోంది. అమ్మా, ఇప్పుడు కాదు. సరేనమ్మా, ఇప్పుడు కాదు. తన నోటుపుస్తకం తిరగేసింది. రెండువందల పేజీల్లో పిల్లులున్నాయి, కుక్కలున్నాయి, గదిలో నిలబడ్డ ఏనుగుంది, సంచిలోంచి బయటికి దూకే పిల్లుంది, ఒలికిపోయే చిక్కుడుగింజలున్నాయి, పెద్దవాళ్ల ఇళ్లలో పింగాణీ సామానులా అన్నీ ఉన్నాయి, ఒక ఇనపగంగాళం అడుగున ఇరుసు అరిగిపోతుంటే వచ్చే చప్పుడుకి మాత్రం మాట లేదు. మన మాటల్లో చెప్పమంటే, తల్లీ, ఎన్ని! గరగర, కరకర, కిర్రు, కీచు, గుయ్యి, టకటక, లొటలొట, దడదడ, మూలుగు, రొద, రాపిడి, ఒక్కోదానికి ఒక్కో జబ్బు. గరగర అంటే ఇరుసు, కీచు అంటే బెల్టు, లొటలొట అంటే బోల్టు. అమ్మ నేర్పిన మాటలు అవి. ఎవరూ పరీక్ష పెట్టలేదు, ఎవరూ వెరీ గుడ్ అనలేదు, అందుకే అవి తనకి చదువులా కనపడలేదు కాబోలు. బుధవారం గరగరా ఎక్కిళ్లూ రెండూ పోయాయి. హమ్మయ్య అనుకోవాలా. వాటి బదులు కింద్నుంచి ఒక బోలు గుయ్యి మొదలైంది, పాదాలకి తెలుస్తోంది, చెవికంటే ముందు పాదాలకే తెలిసింది. పిచ్చుక దుప్పట్లు తీస్తూ, “ఏంటి వదినా దీనికి ఇవాళ కులాసాగా ఉన్నట్టుంది, పాట పాడుతోంది,” అంది. ఆమె వెళ్లి మెషిన్ మీద చెయ్యి వేసి చూసింది. ఆపేద్దామా అనుకుంది. ఆపితే ఎందుకు ఆపావో రాయాలి.

రాసింది. ఎవ్రీథింగ్ ఈజ్ ఇన్ ఆర్డర్.

గురువారం పొద్దున ఆమె మడతల హాలులో ఉంది. మధ్యలో గోడ ఉంది, గోడకి తలుపు లేదు, ఖాళీ గుమ్మం. నాలుగోది పూర్తి జోరులో తిరుగుతోంది, ఆ గుయ్యి అలాగే ఉంది. పిచ్చుక గొంతు వినపడింది, “వదినా, ఈ పచ్చ అంచువి ఏ ఆసుపత్రివి?” అని. ఆ గొంతు మెషిన్ దగ్గర్నుంచి రాలేదు. కిటికీ పక్కన తోపుడుబండి దగ్గర్నుంచి వచ్చింది, మెషిన్‌కి పది అడుగుల దూరం. ఆ పిల్ల బండి మీద వంగి దుప్పట్ల అంచులు చూస్తోంది. దీనికి సాక్ష్యం ఏముంది, చెవులే. బదులు చెబుదామని నోరు తెరిచింది, గుయ్యి ఆగిపోయింది, ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు, ఆ తర్వాత వచ్చిన చప్పుడుకి మన భాషలో కూడా మాట లేదు. పరిగెత్తుకుని వచ్చేసరికి గంగాళం పక్కకి ఒరిగి ఉంది, మూత కిటికీ కింద ఉంది, పిచ్చుక బండి పక్కన ఉంది, చేతిలో పచ్చ అంచు దుప్పటి. దాని మొహం ఆమె ఇప్పుడు తలుచుకోదు. వరండా గోడ గడియారం చూస్తుంది. పది ముప్పై ఆరు.

కంపెనీ రిపోర్టులో ఏముందంటే, మెషిన్ ఆగకముందే కార్మికురాలు తొందరపడి మూత తెరిచింది. ఈమె మేనేజరు గదికి పరిగెత్తింది, లేదండీ, అది మూత దగ్గర లేదండీ, బండి దగ్గరుంది, నేను విన్నానండీ. ఆయన కసురుకోలేదు. కూర్చోబెట్టాడు, మంచినీళ్లిచ్చాడు. నిజంగానే జాలిపడ్డాడు. “అమ్మా, నీ బాధ నాకు తెలుసు. కానీ మెషిన్ బాగుందని మూడు రోజులు నువ్వే రాశావు. బాగున్న మెషిన్ మూత దానంతటదే ఎలా లేస్తుంది చెప్పు? ఎవరో ఒకరు తీస్తేనే కదా?” అన్నాడు. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో అప్పుడు తెలిసింది. నిన్న మళ్లీ పిలిచి చెప్పాడు, రేపు విచారణలో నువ్వు రాసిందే చెప్పు, ఒక్క ముక్క ఎక్కువొద్దు, ఒక్క ముక్క తక్కువొద్దు, అని. మెకానిక్ శ్మశానం దాకా వచ్చాడు. దూరంగా గోడవారన నిలబడి, అందరూ కదిలాక దగ్గరికొచ్చి, “మీరుండగా ఆ లాండ్రీ గురించి నాకు బెంగ ఉండేది కాదమ్మా. పుస్తకంలో లేదంటే లేనట్టే అని ధీమాగా వెళ్లిపోయేవాణ్ణి,” అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. ఆమె అతని చెప్పులవైపు చూస్తూ తల ఊపింది.

వీటన్నిటికంటే అత్తయ్య. అత్తయ్య ఏడవడం మానేసి తిట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం దీపాలు వేసే వేళకి గుమ్మంలో కూర్చుని చచ్చిపోయిన కూతుర్ని తిడుతుంది. “ఏం ముంచుకొచ్చిందే నీకు? అది ఆగేదాకా ఆగలేకపోయావా? చిన్నప్పట్నుంచీ అంతే, అన్నం ఉడక్కుండానే మూత తీసేది, ఎన్నిసార్లు చేతులు కాల్చుకుందో, చెబితే వినే రకమా? ఎవరినని ఏం లాభం, నీ తొందరే నిన్ను మింగింది.” పదిహేడు సాయంత్రాలు. చచ్చినవాళ్లు మాట పడకూడదంటారు, తల్లి నోటితోనే పడుతోంది పిచ్చి పిల్ల, తిరిగి ఒక్క మాట అనలేదు, ఎన్ని మాటలనేది! లోపల ఈమె గిన్నెలు కడుగుతూ ఉంటుంది, నీళ్ల చప్పుడు పెంచుతుంది, అయినా వినపడుతుంది. అత్తయ్యా, అది తియ్యలేదు అని అంటే, నీకెలా తెలుసు అంటుంది. చప్పుడు విన్నాను అంటే, మరి ముందే చెప్పలేదేం అంటుంది. అక్కడికొచ్చి ఆగిపోతుంది ప్రతిసారీ. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో గిన్నెలు. లోపలికి వెళ్లి రాసింది రాసినట్టు చెప్పేస్తే ఈ ఉద్యోగం ఉంటుంది, ఈ పక్కన కూర్చున్న మనిషి దృష్టిలో తను తనలాగే ఉంటుంది, పిచ్చుక మాత్రం ఎప్పటికీ మూత తీసిందే అవుతుంది, అచ్చులో, సంతకాలతో, ఇంటి గుమ్మంలో. చెబితే పిచ్చుక బయటపడుతుంది, తను మునుగుతుంది. ఇంత చిన్న లెక్కకి పద్దెనిమిది రోజులు పట్టిందేం. మనిషికి తన ప్రాణం కంటే తన పరువు తీపి, ఇంకేం కాదు.

భర్త లేచి వెళ్లి రెండు కాగితం కప్పుల్లో టీ తెచ్చాడు. ఒకటి ఆమె చేతికిచ్చి కూర్చున్నాడు. “లోపల వాళ్లు అడిగినప్పుడు తడబడకు,” అన్నాడు. “నువ్వు రాసిన పుస్తకం ఉంది కాబట్టి నీ మీదికి ఏదీ రాదు. దాని ఖర్మ అలా ఉంది, ఏం చేస్తాం. అమ్మ అన్నట్టు దానికి అన్నిటికీ తొందరే.”

ఆ చివరి మాట ఆయన కూడా అనేశాడు. చెల్లెల్ని ఎత్తుకుని తిప్పినవాడు. ఆమె కప్పు బెంచీ మీద పెట్టింది.

“ఏవండీ, అది మూత తియ్యలేదు.”

“ఎవరన్నారు?”

“నాలుగోది సోమవారం నుంచే బాలేదు. నాకు తెలుసు. మూడు రోజులు విన్నాను. రోజుకో రకంగా చప్పుడు చేసింది.”

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. చేతిలో టీ కప్పు అలాగే ఉంది. “బాగుందని రాశావుగా?”

“రాశాను.”

“ఎందుకు?”

“ఆ చప్పుడుకి ఇంగ్లీషులో ఏమంటారో తెలీక. తప్పు రాస్తే నవ్వుతారని.”

తలుపు వెనక మీటలు ఆగిపోయాయి. ఆయన కోప్పడతాడనుకుంది, అందరిముందూ లేచి అరుస్తాడేమో, అరిస్తే బావుణ్ణు. అరవలేదు. అర్థంకాని పని గురించి అడిగినట్టు, మెల్లగా అడిగాడు. “మన మాటల్లో రాయొచ్చుగా? రాయకూడదన్నారా ఎవరన్నా?”

అన్నారా? ఆమె వెతికింది. ఎవరన్నారు? మేనేజరు అన్నాడా? ఇన్‌చార్జిని చేసిన రోజున, నీకు వచ్చు కదా, ఇంగ్లీషులో రాస్తే చూడ్డానికి బావుంటుంది అన్నాడు, బావుంటుంది అన్నాడు అంతే, రాయాలి అనలేదు. మాస్టారు? ఆయన పుస్తకం చూసేవాడే గానీ ఎలా రాయాలో ఆయన చేతిలో లేదు. మెకానిక్? అతనికి ఏ భాషైనా ఒకటే, చదవడం వస్తే చాలు. బీరువా పై అరలో పాత షిఫ్టు పుస్తకాలున్నాయి, తనకి ముందు ఇన్‌చార్జిగా చేసిన ముసలావిడ రాసినవి, వంకర టింకర అక్షరాలతో. ఒక పేజీ ఇప్పుడు కళ్లముందు కనపడింది, రెండోది మూలుగుతోంది, ఒకసారి చూసిపో నాయనా, అని. కింద మెకానిక్ చేతిరాత, చూశాను పెద్దమ్మా, బేరింగు మార్చాను. ఆ పుస్తకాన్ని తను చేరిన కొత్తల్లో చూసి నవ్వుకుంది, ఇదేం రాత అని. ఎవరూ అనలేదు. ఇరవై ఏళ్లలో ఒక్కరు కూడా రాయకూడదని అనలేదు.

“అనలేదు,” అంది.

ఆయన తల ఊపాడు. అలా ఊపుతూనే ఉన్నాడు. తర్వాత ఆమె పక్కనుంచి కాస్త జరిగి కూర్చున్నాడు, విసురుగా కాదు, ఇంకొకరికి చోటిచ్చినట్టు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఖాళీ వచ్చింది.

తలుపు తెరుచుకుంది. బంట్రోతు కాగితం చూసి లాండ్రీ ఇన్‌చార్జి ఎవరని అడిగాడు. పది యాభై రెండే అయింది, ఎనిమిది నిమిషాలు ముందే పిలిచారు. ఆమె లేచింది. కాళ్లు తడిగచ్చు మీద జారతాయేమోనని ఒక్క క్షణం ఆగింది. “మీరూ రండి,” అంది.

“నేను రాను,” అన్నాడు ఆయన తల ఎత్తకుండా. “లోపల ఏం చెబుతావో నీ ఇష్టం. ఇంటికెళ్లాక అమ్మకి మాత్రం నేను చెప్పను. నువ్వే చెప్పాలి.”

గది చిన్నది. అధికారి ఒక పెద్దావిడ, తెల్లజుట్టు, ముక్కు మీద కళ్లజోడు. ఆవిడ ముందు తెరిచిపెట్టిన షిఫ్టు పుస్తకం, తన గుండ్రటి అక్షరాలు తలకిందులుగా కూడా గుర్తుపట్టింది. మేనేజరు గోడవారన కుర్చీలో కూర్చుని, పరవాలేదు అన్నట్టు చూశాడు. టైపు చేసే అమ్మాయి వేళ్లు మీటల మీద పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఆవిడ కూర్చోమంది, ఏ భాషలో మాట్లాడినా రాసుకుంటామంది, ఈ వాక్యాలు మీరు రాసినవేనా అని అడిగింది. నేనే రాశానండీ. వీటిల్లో మార్చాల్సింది గానీ కలపాల్సింది గానీ ఏమైనా ఉందా? మేనేజరు లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

“మా పిల్ల మూత తియ్యలేదండీ,” అంది. “మెషిన్ పాడైందని నాకు తెలుసు. మూడు రోజులు ముందే తెలుసు. బాగుందని రాసింది నేనండీ.”